వామాకు కుండీ

"పాలగిన్నె మీద చెయ్యి వెయ్యకండి అత్తయ్యా."

కాజాలమ్మ చెయ్యి గిన్నె దాకా వెళ్ళి గాల్లోనే ఆగిపోయింది.

"పొంగుతాయేమోనని..."

"పొంగితే పొంగనివ్వండి. నేను తుడుచుకుంటాను."

కోడలు ఆమెను దాటుకుని వెళ్ళి పొయ్యి కట్టేసింది. గిన్నె మీద మూత పెట్టింది. మూత మీద బరువుగా ఇంకో పళ్ళెం బోర్లించింది. పిల్లి తిరిగే ఇంట్లో అలా పెట్టుకుంటారు. ఆ ఇంట్లో పిల్లి లేదు.

ఆ పళ్ళెం ఎవరి కోసమో కాజాలమ్మకి తెలిసింది.

పక్కగదిలో మనవరాలు మూలిగింది. ఆస్పత్రి నుంచి తెచ్చి ఇంకా పూట గడవలేదు. ఎప్పుడూ గెంతుతూ ఉంటుందని ఆ పిల్లని ఇంట్లో పిచ్చుక అంటారు. ఇప్పుడా పిచ్చుక దుప్పట్లో రెక్కలు ముడుచుకుని పడుంది.

"నానమ్మా..."

కాజాలమ్మ అటు కదిలింది. అప్పటికే కోడలు గుమ్మానికి అడ్డంగా ఉంది.

"నేను చూసుకుంటాను. మీరు కూర్చోండి."

"కూర్చోమంటే కూర్చుంటాను గానీ, నన్నే పిలిచింది కదమ్మా."

"పిలుస్తుంది. దానికేం తెలుసు?"

కోడలు పిల్ల నుదురు చూసి వచ్చింది. కాజాలమ్మ అక్కడే నిలబడి ఉంది.

"అంటే నా మనవరాలికి నేనే విషం పెట్టానంటావా? అనేదేదో సూటిగా అను. లోపల పెట్టుకుంటే పుండవుతుంది."

"నేనేమీ అనలేదు. డాక్టరు అడిగిందే అడుగుతున్నాను. 'పడకూడనిది ఏదో లోపలికి పోయింది, ఇంట్లో ఏం పెట్టారు?' అన్నాడు. కన్నతల్లిని, నోరెళ్ళబెట్టుకుని నిలబడ్డాను. నేను కుట్టు షెడ్డులో యూనిఫారాలకి కాలర్లు కుడుతున్నాను. ఏం పెట్టారో మీకే తెలియాలి."

"ఎన్నిసార్లు చెప్పను? వామాకు రసం. అందులో తేనె చుక్క. దగ్గీ దగ్గీ పిల్ల డొక్కలు ఎగిరిపోతుంటే చూస్తూ కూర్చోమంటావా? నీ మొగుడు ఆ రసం తాగే ఇంతవాడయ్యాడు."

"చూస్తున్నాగా ఎంతవాడయ్యాడో," అంది కోడలు.

ఇంకోరోజైతే ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

"ఆకు కడిగారా?"

"కడిగితే రసం పల్చబడిపోతుంది. తడిగుడ్డతో తుడిచి, సెగ చూపించి పిండాను. మా అమ్మ అలాగే చేసేది, నేనూ అంతే."

కోడలు అలమర పైకి చూసింది. పిల్ల తాగిన స్టీలు గ్లాసు ప్లాస్టిక్ కవరులో ముడేసి అక్కడ ఉంది. అడుగున పచ్చటి మడ్డి ఎండిపోయి ఉంది. కాజాలమ్మ దాన్ని కడగబోతే కోడలు చేతిలోంచి లాక్కుని దాచింది. సాయంత్రం డాక్టరుకి చూపించాలట.

"ఈ ఇంట్లో ఏదీ నాకు తిన్నగా తెలీదు అత్తయ్యా. మీ అబ్బాయి తాగుతాడన్న సంగతి కూడా వీధివాళ్ళు చెబితేనే తెలిసింది. మీరు మాత్రం తలనొప్పితో పడుకున్నాడనేవారు. పిల్లని చంకనేసుకుని పుట్టింటికి వెళ్ళిపోతే గానీ మానలేదు. మళ్ళీ మొదలైందా, ఈసారి తిరిగి రాను. అది ఆయనకీ తెలుసు, మీకూ తెలుసు."

"వాడు మానేశాడుగా, ఇప్పుడదెందుకు?"

"ఎందుకంటే, ఆస్పత్రిలో ఆయనా డాక్టరూ తలలు దగ్గర పెట్టుకుని ఏదో మాట్లాడుకున్నారు. నేను వెళ్ళేసరికి ఇద్దరూ నోళ్ళు మూసుకున్నారు. ఏంటది?"

"నాకేం తెలుసు?"

"అదే కదా. ఈ ఇంట్లో ఎవరికీ ఏమీ తెలీదు."

* * *

చొక్కాలకి చేత్తో కాజాలు కుట్టి కొడుకుని పెంచింది గనక వీధి మొత్తానికి ఆమె కాజాలమ్మ. మిషన్లొచ్చాక ఆ పని చాలావరకు పోయింది గానీ పేరు ఊడలేదు. ఇప్పటికీ మిషను పాడుచేసిన కాజాలుంటే కోడలు షెడ్డు నుంచి తెచ్చి ఆమెకిస్తుంది. ఆ పూట ఎంత ప్రయత్నించినా సూదిలోకి దారం ఎక్కలేదు. చొక్కా పక్కన పడేసి బకెట్టు పట్టుకుని మెట్లు దిగింది.

కింద వాటా ఆవిడ కొళాయి దగ్గరే ఉంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. వీధంతా తెలియాలంటే ఆవిడతో "ఎవరికీ చెప్పకు" అంటే చాలు.

"పిల్లెలా ఉంది అక్కయ్యా?"

"తేరుకుంది. పాలడిగింది."

"నువ్వే పట్టావా?"

కాజాలమ్మ బకెట్టు కొళాయి కింద పెట్టి తిప్పింది.

"పట్టనివ్వలేదన్నమాట." కింద వాటా ఆవిడ మెట్ల వైపు ఒకసారి చూసి దగ్గరికి జరిగింది. "అనొచ్చో అనకూడదో..."

"అనకూడదనుకుంటే అనకు."

"నీ వామాకు ఇవాళ కొత్తగా మొలిచిందా? మా ఆయనకి కడుపుబ్బరమైతే నీ దగ్గరే కోసుకెళ్ళాను. నా మనవడి దగ్గుకీ అదే. ఎవరికీ చీమ కుట్టినట్టైనా లేదు. మరి ఇప్పుడు విషం ఎక్కడినుంచి ఊడిపడింది? ఎవరో ఏదో పోస్తేనే కదా?"

"ఎవరు పోస్తారు?"

"నన్నడిగితే ఎలా? మీ బాల్కనీలో ఉన్నవి రెండే కుండీలు. నీ వామాకు, నీ కోడలి గులాబీ. ఆ గులాబీకి పురుగు పట్టిందని తెగ బాధపడేది. బట్టలారేసుకోవడానికి నీ కుండీ అడ్డం అని కూడా అంది ఒకసారి. నేనేమీ అనడం లేదు."

"అన్నీ అనేసి ఏమీ అనడం లేదంటావేం?"

"మంచికి పోతే చెడు ఎదురైనట్టుంది నా పని. ఊళ్ళో కోడళ్ళు మొగుళ్ళకి మందు పెడతారంటే విన్నాను, మొక్కలకి కూడా పెడతారేమో నాకేం తెలుసు?"

బకెట్టు నిండి పొర్లిపోతోంది. ఇద్దరూ చూడలేదు.

మెట్లెక్కుతుంటే ప్రతి మెట్టు దగ్గరా ఆ మాట కాజాలమ్మ కాలికి తగులుతోంది. కన్న బిడ్డకి ఏ తల్లి చేస్తుంది? చెయ్యదు. కానీ బిడ్డ తాగుతుందని తెలియక చేసి ఉంటే? మొక్క చావాలనే పోసి ఉంటే? ఇప్పుడు తన తప్పు బయటపడకుండా గ్లాసు దాచి, పాల మీద పళ్ళెం బోర్లించి, అంతా అత్తమీదికి తోస్తుంటే?

అంత మాట అనుకున్నందుకు ఆమెకే భయమేసింది. అయినా అనుకోవడం ఆగలేదు.

బకెట్టు గుమ్మంలోనే దించి తిన్నగా బాల్కనీలోకి నడిచింది. సాయంత్రం ఆస్పత్రికి ఆకు కూడా తెమ్మన్నారని కోడలు ఫోనులో ఎవరితోనో అంటుంటే విన్నది. రెండాకులు కోసి తనే స్వయంగా ఇద్దామనుకుంది. చెయ్యి శుభ్రంగా ఉన్నవాళ్ళు దాక్కోరు కదా.

ముందు గులాబీ కనిపించింది. మొన్నటిదాకా పిండి చల్లినట్టు తెల్లపురుగుతో ముద్దకట్టిన కొమ్మలు ఇప్పుడు తళతళలాడుతున్నాయి. ఒక్క పురుగు లేదు.

తర్వాత తన కుండీ చూసింది.

కుండీ ఉంది. మొక్క లేదు. మట్టి మధ్యలో పిడికిలి పట్టేంత గుంట ఉంది. వేళ్ళు లాగినచోట మట్టి ఇంకా చెమ్మగానే ఉంది.

"అమ్మాయ్!"

ఆ పిలుపుకి కోడలు పరుగెత్తుకొచ్చింది. కుండీని చూసింది. అత్తగారిని చూసింది.

"పీకేశారా?"

"నేను పీకడమేంటి? మొక్క ఏది అని నేను నిన్నడుగుతున్నాను."

"డాక్టరు ఆకు తెమ్మన్నాడని నేను ఫోనులో చెబుతుంటే మీరు విన్నారు."

"విన్నాను. కోసిద్దామనే వచ్చాను."

"వచ్చేసరికి మొక్కే లేదు."

"లేదు."

"భలే కుదిరింది."

కాజాలమ్మ గులాబీ వైపు వేలు చూపించింది. "నీ గులాబీ పురుగు ఎలా పోయిందో?"

"నాకేం తెలుసు? పోయింది, సంతోషించాను."

"ఊరికే పోతుందా పురుగు? దానికేం, చుట్టాలింటికి వెళ్ళిందా?"

"అంటే ఏంటి మీ ఉద్దేశం?"

"ఏం లేదు."

"కింద వాటా ఆవిడతో మాట్లాడి వచ్చారు కదూ. ఆవిడ మాటలే వినిపిస్తున్నాయి మీ నోట్లో."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం ఇదేనేమో అనుకుంది కాజాలమ్మ. అదే క్షణంలో కోడలు కూడా తన గురించి అదే అనుకుంటోందని ఆ కళ్ళు చూస్తే తెలిసిపోయింది.

ఖాళీ కుండీకి చెరోవైపు ఇద్దరూ అలాగే నిలబడ్డారు. లోపల పిల్ల దగ్గింది. ఈసారి ఎవరూ ముందు కదల్లేదు. తను కదిలితే రెండోవాళ్ళు కుండీని ఏం చేస్తారోనని.

* * *

కొడుకు బస్సు డిపోలో మెకానిక్కు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చే అలవాటు లేదు. ఆరోజు వచ్చాడు. వచ్చి పిల్ల తల నిమిరాడు, భార్య మొహం చూశాడు, తల్లి మొహం చూశాడు. అన్నం వడ్డించమని ఎవరినీ అడగలేదు. పనిముట్ల సంచీ గోడవారన పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

"మొక్క ఎవరు పీకారో మీ అబ్బాయినైనా అడగండి," అంటూ కోడలు పిల్లకి బట్టలు మార్చడానికి గదిలోకి వెళ్ళింది.

కాజాలమ్మ సంచీ పక్కన కూలబడింది. ఎప్పుడూ గ్రీజు వాసన కొట్టే సంచీ అది. ఆ వాసన కింద నుంచి ఇంకో వాసన, తనకి పుట్టిన ఊరంత తెలిసిన వాసన, మెల్లగా పైకి వచ్చింది.

పక్క జేబులో చెయ్యి పెట్టింది. రెంచీలకి అతుక్కుని, నలిగి నల్లబడిన వామాకు ఒకటి చేతికి వచ్చింది.

కొడుకు తుండుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి అది చూసి నిలబడిపోయాడు.

"నువ్వా?"

"మెల్లగా అమ్మా."

"నువ్వే పీకావా?"

"పొద్దున డిపోకి వెళ్తూ పీకేశాను. దారిలో పారేశాను. ఇలా రా, వంటింట్లోకి."

వంటింట్లో అతను తలుపు దగ్గరగా వేశాడు. పూర్తిగా వెయ్యలేదు, అనుమానం వస్తుందని.

"నీకోసమే పీకానమ్మా. నీకు మరుపొచ్చిందని తనకి తెలిస్తే ఇక పిల్లని నీ దగ్గర వదిలి పనికి వెళ్తుందా? నిన్ను వేరే ఎక్కడైనా ఉంచుదామంటుంది. తనని గ్లాసూ ఆకూ తెమ్మన్నాక, డాక్టరుకి మాత్రం చాటుగా నిజం చెప్పేశాను. ఆ సీసా తీసుకెళ్ళి చూపించాను. దానికి తగ్గ వైద్యం చేశారు గనకే పిల్ల చప్పున లేచింది. మా అమ్మ పేరు ఎత్తకండని ఆయన్ని బతిమాలుకున్నాను."

కాజాలమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. "మరుపేంటి? సీసా ఏంటి?"

"పురుగుల మందు సీసా. డిపోలో తోటపని చేసేవాడిచ్చాడు. గులాబీ మీద కొడుతుంటే పురుగు నీ వామాకు మీదికి కూడా పాకుతోందని దాని మీదా కొట్టాను. నీకు చెప్పాను కదమ్మా."

"నాకా? ఎప్పుడు?"

"సెలవు రోజు. నువ్వు గుమ్మం దగ్గర కాజా కుడుతున్నావు. మందు కొట్టానమ్మా అని చెప్పలేదూ?"

కాజాలమ్మ పొయ్యి గట్టు పట్టుకుంది.

గుర్తుంది. మరుపు రాలేదు ఆమెకి. ప్రతి మాటా గుర్తుంది.

కోడలు ఆరోజు షెడ్డులో ఓవర్‌టైము చేస్తోంది. కొడుకు బాల్కనీ వైపు నుంచి వచ్చాడు. కళ్ళెర్రగా ఉన్నాయి. మూతి తుడుచుకుంటున్నాడు. ఒంటి నుంచి ఏదో ఘాటు కొట్టింది.

"అమ్మా, మందు కొట్టాను," అన్నాడు.

ఆమె చేతిలో సూది వేలిలో దిగింది. "ష్! మెల్లగా. గోడలకి చెవులుంటాయి."

"ఒక వారం దాకా దాని జోలికి పోకూడదు," అన్నాడు.

"వారమేంట్రా? జన్మలో దాని జోలికి పోకూడదు!"

కొడుకు నవ్వాడు. "అంతేనంటావా? సరే, నీ ఇష్టం."

"నీ పెళ్ళానికి తెలియనివ్వకు. నేనూ చెప్పను. ముందు వెళ్ళి స్నానం చెయ్యి, ఆ కంపు పోవాలి."

వాడు స్నానం చేశాడు. ఆమె బాల్కనీ తలుపు తీసి, ఇల్లంతా గాలి ఆడేలా చేసి, కోడలు వచ్చేలోపు అగరొత్తి కూడా వెలిగించింది.

వాడు చెప్పింది మొక్క సంగతి. తను విన్నది తాగుడు సంగతి. ఇద్దరూ ఒకే సంగతి మాట్లాడుకుంటున్నామనుకున్నారు, ఇద్దరూ ఒప్పుకున్నారు, ఇద్దరూ నిశ్చింతగా పడుకున్నారు.

"గులాబీ బాగుపడ్డాక తనే చూసి ఆశ్చర్యపోవాలని చెప్పొద్దన్నావనుకున్నాను," అంటున్నాడు కొడుకు. "మరి అన్నీ తెలిసి ఆ ఆకు ఎందుకు కోశావమ్మా? మరుపు కాకపోతే ఏంటి?"

దగ్గరగా వేసిన తలుపు తెరుచుకుంది.

కోడలు చేతిలో పిల్ల విడిచిన గౌను ఉంది. దాన్ని చిన్నగా, ఇంకా చిన్నగా మడతపెడుతోంది.

"ఎంత సేపైంది వచ్చి?" అన్నాడు కొడుకు.

"సీసా దగ్గర్నుంచి." అతని వైపు చూడలేదు. "మీ సంగతి తర్వాత. అత్తయ్యా, ఆయన మందు కొట్టానని మీతో చెప్పారా?"

"చెప్పాడమ్మా."

"మీరు విన్నారా?"

"విన్నాను."

"ఏ మందు అనుకున్నారు?"

అడకత్తెరలో పోకచెక్క సంగతి కాజాలమ్మ చిన్నప్పటి నుంచీ వింటూనే ఉంది. లోపల ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. పురుగుల మందు అనుకున్నానంటే, తెలిసి తెలిసి పిల్ల నోట్లో పోసినదాన్ని అవుతుంది. ఆ మందు అనుకున్నానంటే...

మరుపొచ్చిందనొచ్చు. కొడుకు దారి వేసే ఉంచాడు. తల ఊపితే చాలు. కానీ మరుపొచ్చిన ముసలిదాని ఒళ్ళో పిల్లని ఎవరు కూర్చోబెడతారు?

కొడుకు ఆమె వైపే చూస్తున్నాడు. వాడికి ఇంకా వెలగలేదు.

"తాగే మందు," అంది కాజాలమ్మ. "వాడు మళ్ళీ తాగి వచ్చాడనుకున్నాను. అందుకే మిగతా మాట చెప్పనివ్వలేదు. ఆకు మీద కొట్టాడని తెలిస్తే ముట్టుకుంటానా తల్లీ?"

కొడుకు నుదురు కొట్టుకున్నాడు. "అమ్మా! జన్మలో దాని జోలికి పోకూడదన్నావ్, మొక్క గురించి కాదా?"

ఒక్క క్షణం, ఆ మాటకి కోడలి పెదవి చివర ఏదో కదిలింది. నవ్వే అయి ఉంటుంది. వెంటనే పోయింది.

ఆమె వెళ్ళి అలమర మీది కవరు దించింది. ముడి విప్పింది. గ్లాసు తీసి తొట్టిలో పడేసింది. స్టీలు చప్పుడు వంటిల్లంతా తిరిగి ఆగింది.

"తాగాడనుకున్నారు. అనుకుని నాకు చెప్పలేదు."

"ఇల్లు నిలబడాలని..."

"ఒక్క మాట అడుగుతాను. మీ దగ్గరే నేర్చుకున్నాను నేను కుట్టుపని. కొత్త చెయ్యి కాజా అంత చకచకా కుట్టలేదు, కుడితే ఎక్కడో ఒకచోట పోగు లేస్తుంది అంటారు మీరే." కోడలి గొంతు అసలు పెరగలేదు. "ఆయన నోట్లోంచి మాట పూర్తికాకముందే నోరు మూయించారు. స్నానం చేయించారు. నేను వచ్చేసరికి అగరొత్తి వాసన తప్ప ఏమీ లేదు, నాకు గుర్తుంది. చెయ్యి బాగా తిరిగినట్టుంది అత్తయ్యా. మానేశానన్నాక, ఇలా ఎన్నిసార్లు దాచారు?"

ఒక్కసారి, అనుకుంది కాజాలమ్మ. డిపోలో ఎవరిదో పదవీ విరమణ రోజు. ఆ వెంటనే ఇంకోటి గుర్తొచ్చింది. అది వద్దనుకుంటే దాని వెనక నుంచి మరోటి.

చూపు ఆగలేదు. అది కొడుకు వైపు వెళ్ళింది. సరిగ్గా అప్పుడే కొడుకు చూపు ఆమె వైపు వచ్చింది. దొంగతనం చేసిన ఇద్దరు పిల్లలు చూసుకున్నట్టు చూసుకున్నారు.

కోడలికి ఆ చూపు చాలింది.

"నానమ్మా, పాలు!" పిల్ల గొంతు. పొద్దుటికంటే గట్టిగా ఉంది.

కోడలు పొయ్యి దగ్గరికి వెళ్ళింది. మూత మీద బోర్లించిన పళ్ళెం తీసి పక్కన పెట్టింది. పాలు గ్లాసులో పోసి అత్తగారి చేతికిచ్చింది.

"వెళ్ళి పట్టండి. మీ చేతి మీద అనుమానం పోయింది నాకు." గ్లాసు ఇంకా వదల్లేదు. "ఇక మీ నోటి మీదే."

తర్వాత భర్తతో, "మీరు ఇలా రండి," అంది.

ఇద్దరూ ముందు గదిలోకి వెళ్ళారు. తలుపు పడింది. గడియ పడింది.

కాజాలమ్మ పిల్ల మంచం మీద కూర్చుని గ్లాసు నోటికి అందించింది. పిచ్చుక రెండు చేతులతో పట్టుకుని గటగటా తాగింది. పై పెదవి మీద తెల్లమీసం మొలిచింది. దాన్ని తుడవడానికి చెయ్యెత్తిన నానమ్మ, ఆ చెయ్యి అలాగే ఉంచి, గోడ వైపు చెవి పెట్టింది.

"ఏం వింటున్నావ్ నానమ్మా?"

"ఏం లేదే. నువ్వు తాగు."

నిజంగానే ఏమీ లేదు. అరుపులుంటే బాగుండు. గిన్నె విసిరినా, ఏడ్చినా, పోనీ పెట్టె దించిన చప్పుడైనా. ఇన్నేళ్ళలో ఆ గది నుంచి వచ్చిన ప్రతి గొడవనీ ఆమె ఇలాగే గోడకి ఇవతల కూర్చుని విన్నది. విని, లోపలికి వెళ్ళి, ఏదో ఒక అబద్ధంతో అతుకు వేసింది.

ఈసారి గోడ అవతల కోడలు అడగడం వినిపించలేదు. కొడుకు చెప్పడం వినిపించలేదు. వాడు ఎన్నిసార్లని చెబుతున్నాడో తెలియకుండా, రేపు తనని అడిగితే ఎన్నిసార్లని చెప్పాలి?